పదిహేడో మడి

గేట్స్‌హెడ్‌లో, టైన్ నది ఒడ్డున
గ్యాస్ ఫ్యాక్టరీ మూతపడి యాభై ఏళ్లు.
నేల మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు.
పార దింపితే తారు వాసన,
వాన పడితే గుంటలో నెమలికంఠం రంగు.

కౌన్సిల్ వాళ్లు కంచె వేసి బోర్డు పెట్టారు:
ఇక్కడ పండినది తినరాదు.

పదిహేడో మడి ఎడ్నా రాబ్సన్‌ది.
ఎనభై రెండేళ్లు, రబ్బరు బూట్లు.
ఉల్లికాడకు ముత్తాతలా ఉంటుందే లీకు,
దాన్ని ముంజేతి లావున పండించి
వాళ్లాయన మూడుసార్లు కప్పు గెలిచాడట.
"మళ్లీ ఎప్పుడు నాటుకోవచ్చు?"
నన్ను చూసినప్పుడల్లా అదే మాట.

నేను తెచ్చింది బూజు.
గొప్పగా చెప్పుకోవడానికేం లేదు.
ఓక్ రంపపుపొట్టులో పెంచి
గోనెసంచుల్లో మోసుకొచ్చి ఆమె మట్టిలో కలిపాను.
అడవిలో పడిపోయిన మానుల్ని తినే జాతి.
మానులోని మొండితనమూ
తారులో ఉంగరానికి ఉంగరం అతుక్కున్న మొండితనమూ
కళ్లులేని దారప్పోగులకు ఒకటిగానే తోస్తాయి కాబోలు.

ప్రతి మంగళవారం చెంచాడు మట్టి తీసి
పొడిమంచులో పెట్టుకుని పరుగు.
జన్యువు ఉందా అని కాదు నా వెతుకులాట.
అదెప్పుడూ ఉంటుంది, అలమరలో వంటల పుస్తకంలా.
ఇవాళ పొయ్యి వెలిగించిందా లేదా, అదీ ప్రశ్న.
ఆర్ఎన్ఏ అంటే ఆ పొగ.
కాస్త ఆలస్యమైతే
వంట జరిగిందనడానికి సాక్ష్యమే మిగలదు.

యంత్రం ఆ పొగను రెట్టిస్తుంది, రెట్టించినదాన్ని రెట్టిస్తుంది.
ఎంత తక్కువ చుట్లలో దీపం కనబడితే
అంత జోరుగా వంట సాగుతున్నట్టు.
మాంగనీస్ పెరాక్సిడేజ్:
ఏప్రిల్‌లో ముప్పై మూడు.
మే చివర ఇరవై ఏడు.
జూన్‌లో ఇరవై నాలుగు!
రాత్రి పదకొండింటికి ఖాళీ ల్యాబులో
ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

జూలైలో ముప్పై ఆరు.
అంటే పొయ్యిలో పిల్లి పడుకున్నట్టే.
గొట్టాలు మార్చాను, రసాయనాలు మార్చాను,
నా చేతుల్ని తిట్టుకున్నాను.
వెళ్లి చూస్తే బూజు చచ్చిపోలేదు.
దూదిలా, మునుపటికన్నా బొద్దుగా ఉంది.

కంచె అవతల ఎడ్నా, కాస్త సిగ్గుపడుతూ:
"ఆ దిక్కుమాలిన మట్టిలో దానికేం దొరుకుతుందని
రెండు బకెట్ల ఎరువు చల్లానమ్మా.
ఎముకల పొడి, ఎండిన నెత్తురు.
మా ఆయన లీకులకు వేసేది అదే."

దానికి కడుపు నిండింది.
చేతికందేంత నత్రజని ఉండగా
తారుతో కుస్తీ ఎవరు పడతారు?
ఆకలి రుచి ఎరుగదంటారు మా వైపు.
రుచి ఎరిగింది, పొయ్యి ఆర్పేసింది.

మెత్తగా చెప్పడం చేతకాక
"దాన్ని పస్తుంచాలి" అన్నాను.
ఆమె చాలాసేపు నది వైపు చూసింది.
గని సమ్మె ఏడాది
బంగాళాదుంప తొక్కలతో సూపు కాచిందట,
పాత కర్టెన్లు కోసి పిల్లలకు కోట్లు కుట్టిందట.
"ఆ ఏడాది నాకు రాని పని లేదు" అంది.
మిగిలిన ఎరువు సంచీ పక్కింటి గులాబీలకు ఇచ్చేసింది.

మళ్లీ పొట్టు కలిపాను. ఉత్త పొట్టు.
అక్టోబరులో ఇరవై ఎనిమిది.
తారు ఎంత తగ్గిందో ఇంకా తేలలేదు.
పొగ కనబడినంత మాత్రాన
అన్నం ఉడికిందని చెప్పలేను కదా.

బోర్డు అలాగే ఉంది.
ఎడ్నా వంటింటి కిటికీలో, పెరుగు డబ్బాలో,
దారమంత లీకు మొక్క ఒకటి లేచింది.
దానికి మాత్రం
రోజూ తిండి పెడుతోంది.